తెర మీది మనిషి ఆప్తుడేనా?

ప్రత్యక్షానికి ప్రమాణం అక్కర్లేదని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. కళ్లారా చూశానంటే ఇక వాదన ముగిసినట్టే. మా నాయనకు ఈ మాట గిట్టేది కాదు. ఆయన గద్వాలలో చదువుకున్న తార్కికుడు. సంస్థానం పోయింది, విద్వత్సభలు పోయాయి, చివరికి పౌరోహిత్యం మీద బతకాల్సి వచ్చింది. అయినా తర్కం మాత్రం వదల్లేదు. "చూసిన అన్నోణ్ణే ముందు నిలదీయాలె బిడ్డా. చూడలే అన్నోనితో మనకు కొట్లాటేముంది?" అనేవాడు. నాకు చిన్నప్పుడే తర్కసంగ్రహం చెప్పాడు. అది రాసిన అన్నంభట్టు మన తెలుగువాడేనని, కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక నానుడే పుట్టిందని మురిసిపోతూ చెప్పేవాడు. ఆడపిల్లకు తర్కమెందుకని బంధువులు ముఖం చిట్లిస్తే ఆయన జవాబు ఒకటే: "అత్తగారింట్ల పనికొస్తది."

అది పనికొచ్చింది అత్తగారింట్లో కాదు, టీవీ ముందు.

1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక విచిత్రమైన ప్రయోగం మొదలైంది. దాని పొడుగాటి ఆంగ్లప్పేరు కుదించి సైట్ అనేవారు. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా నేరుగా టీవీ కార్యక్రమాలు పంపడం దాని పని. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ ఆ ఆరు రాష్ట్రాలు. అప్పటికి టీవీ అంటే ఢిల్లీ, బొంబాయి, మరో రెండు మూడు ఊళ్ల ముచ్చట. కలకత్తాకు, మద్రాసుకు అదే ఆగస్టులో వచ్చింది. హైదరాబాద్‌లో డబ్బున్నవాళ్ల ఇళ్లలో కూడా టీవీ ఇంకా వెలగని రోజుల్లో పాలమూరు జిల్లాలో, కరెంటు ఉండీ లేనట్టుండే మా ఊళ్లో బొమ్మ కదిలింది. పట్నం కన్నా ముందు పల్లెకు అందిన వస్తువు నా ఎరుకలో అదొక్కటే.

నేను అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతులమ్మను. కృష్ణ ఒడ్డుకు దగ్గరగా, నది దాటితే కన్నడ దేశం వచ్చే చోట మా ఊరు. టీవీ పెట్టె బడిలోనే పెట్టారు. తాళంచెవి నా కొంగుముడిలో ఉండేది కాబట్టి ఆ ఏడాది ఊరంతా నన్ను చాలా గౌరవించింది. బడి ఆవరణలో తీగవల అల్లిన పెద్ద గొడుగును తిరగేసి నిలబెట్టినట్టు యాంటెన్నా. అడ్డంగా కొలిస్తే మూడు మీటర్లు. దాన్నీ పెట్టెనూ తయారు చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. జీపులో వచ్చిన మనుషులు దాన్ని పడమటి ఆకాశం వైపు ఎత్తి బిగించి, ఇక కదిలించొద్దని చెప్పి పోయారు. మా నాయన సాయం సంధ్యకు నిలబడేదీ పడమటికే. "వాళ్లూ మనమూ ఒకే దిక్కుకు మొక్కుతున్నం. వాళ్లకు ఏమొస్తదో చూద్దాం" అన్నాడు.

వాళ్ల దేవుడి పేరు ఏటీఎస్-6. అమెరికా వాళ్ల నాసా 1974 మే నెలలో పైకి పంపిన ఉపగ్రహం. మనకూ వాళ్లకూ 1969లోనే ఒప్పందమైంది. ఆ ఒప్పందం వెనక ఉన్న విక్రమ్ సారాభాయి 1971 డిసెంబరులో పోయాడు, తన కల తెర మీద కదలడం చూడలేదు. ఉపగ్రహం మొదటి ఏడాది అమెరికా వాళ్లకు పనిచేసి, తరువాత తూర్పు ఆఫ్రికా నెత్తి మీదికి జరిగి, ఒక ఏడాది పాటు మనవైపు చూసింది. అరువు వస్తువు. గడువు తీరగానే తిరిగి ఇచ్చెయ్యాలి. హైదరాబాద్‌లో తీసిన తెలుగు కార్యక్రమం టేపుగా అహ్మదాబాద్ చేరి, అక్కడి భూకేంద్రం నుంచి 36,000 కిలోమీటర్లు పైకి పోయి, ఆఫ్రికా మీది ఆకాశంలోంచి మళ్లీ అంత దూరమూ దిగి మా బడికి వచ్చేది. హైదరాబాద్ నుంచి మా ఊరికి బస్సు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో ఈ దారే నయమనిపించేది.

పొద్దున బడిపిల్లలకు గంటన్నర ప్రసారం. నాలుగు భాషలు పంచుకోగా తెలుగు వాటాకు 22.5 నిమిషాలు. సాయంత్రం పెద్దలకు రెండున్నర గంటలు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంచెం ఆటపాట, ఢిల్లీ నుంచి అందరికీ కలిపి హిందీలో వార్తలు.

మొదటి సాయంత్రం పిల్లలు చేసిన పని పెట్టె వెనక్కు పోయి చూడటం. దీన్ని అమాయకత్వం అని ఆ రోజుల్లో పత్రికల్లో నవ్వుకుంటూ రాశారు. నాకు నవ్వు రాలేదు. కంటికి కనబడిందే ప్రమాణం, మిగతాదంతా నమ్మనని చెప్పిన చార్వాకుడు కూడా అక్కడ ఉంటే నేరుగా వెనక్కే పోయేవాడు. పిల్లలు సరైన ప్రశ్నే వేశారు. వెనక ఎవరూ లేరు. మరి కనబడేదెవరు?

అదే ప్రశ్నను మా వీధి కురుమ పెద్దాయన ఇంకాస్త పదునుగా అడిగాడు. గొర్లను దొడ్లో తోలి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, వార్తలు చదివేవాణ్ణి చాలాసేపు చూశాడు. "పంతులమ్మా, గాయన మనల్ని చూస్తుండా?" చూడట్లేదన్నాను. "మరి మనం గాయనను చూస్తున్నమా?" నేను తడుముకున్నాను. మా నాయన మాత్రం ఆ రాత్రి బువ్వ తింటూ ఆ పెద్దాయనను ఎంత మెచ్చుకున్నాడో! మనం చూస్తున్నామా అన్నదే అసలు చిక్కు అన్నాడు.

తార్కికుల లెక్కలో ప్రత్యక్షమంటే ఇంద్రియమూ వస్తువూ కలుసుకుంటే పుట్టే జ్ఞానం. కంటి తేజస్సు బయలుదేరి పోయి కుండను తాకుతుందని వాళ్లంటారు. ఇవాళ్టి భౌతికశాస్త్రం దాన్ని ఒప్పుకోదు, వెలుగే కంటికి వస్తుందంటుంది. పోనీ అదే అనుకుందాం, షరతు మాత్రం మారదు: నడుమ కలయిక ఉండాలి. టీవీ ముందు కూర్చున్నవాడి కన్ను గాజు దాకా పోతుంది, అక్కడితో సరి. గాజు మీది వెలుగుమచ్చలు మాత్రం ప్రత్యక్షమే, అందులో అనుమానం లేదు. ఢిల్లీలోని మనిషి ప్రత్యక్షం కాడు. అద్దం సంగతేమిటని నేను ఎదురడిగాను. అద్దంలో చూపు తిరిగి వచ్చి మన ముఖాన్నే తాకుతుందని శాస్త్రం చెబుతుంది కదా, అదీ గాజే కదా అన్నాను. ఆయన చెయ్యి కడుక్కుంటూ, "అద్దంల ముఖం నీదే. నీకు ఎరుకే. ఈ గాజుల ముఖం ఎవనిదో, ఎన్నటిదో ఎవడన్న చెప్తే తప్ప నీకు తెల్వదు" అన్నాడు. ఎన్నటిదో అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. చాలా కార్యక్రమాలు వారాల కిందట టేపు చేసినవే. ఆ క్షణాన మాట్లాడుతున్న మనిషి బొమ్మ కూడా 72,000 కిలోమీటర్లు తిరిగి వచ్చేసరికి దాదాపు పావు సెకను పాతబడుతుంది. న్యాయశాస్త్రంలో ఇంద్రియానికి నిన్నతో పొత్తు లేదు.

మరి దాన్ని ఏ ప్రమాణం కింద వెయ్యాలి? బౌద్ధుడైన దిఙ్నాగుణ్ణి అడిగితే ఆయనకున్నవి రెండే ప్రమాణాలు. ప్రత్యక్షం కాదు కాబట్టి అనుమానం కింద వేసేవాడు: పొగను చూసి నిప్పుందనుకున్నట్టు, మచ్చలను చూసి మనిషున్నాడనుకుంటున్నాం. జైనుల దారి ఇంకా సొగసైనది. ఉమాస్వాతి సంప్రదాయంలో కంటితో చూసిందీ చెవితో విన్నదీ అన్నీ పరోక్షమే. ఇంద్రియాల మధ్యవర్తిత్వం లేకుండా ఆత్మకు నేరుగా తెలిసిందే ప్రత్యక్షం. ఆ లెక్కన టీవీ చేసిన కొత్త పాపమేమీ లేదు, ఉన్న తెరల మీద ఇంకో తెర వేసింది, అంతే. ఈ మాట చెప్పి నేను గెలిచాననుకున్నాను. నాయన నవ్వి, "అట్లయితే జైనులకు ఎవని మాట నమ్మాలె అన్న బాధ ఇంకో మెట్టు ముందే మొదలైతది. తప్పించుకోలేదు వాళ్లు" అన్నాడు.

ఆయన తీర్పు: అది శబ్దప్రమాణం. బొమ్మ రూపంలో వచ్చిన మాట. ఒకడు మనకు ఒక సంగతి చెబుతున్నాడు, నోటితో కాక కెమెరాతో. చెప్పేవాడు ఆప్తుడైతే ప్రమాణం, కాకపోతే కాదు. ఆప్తుడంటే చుట్టమూ కాదు, మేలుకోరేవాడూ కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. అన్నంభట్టు లెక్కలో అంతకు మించిన అర్హత అక్కర్లేదు.

నన్ను పూర్తిగా ఆ వైపుకు తిప్పింది శాస్త్రం కాదు, మా మేనత్త. ఆమెను రాయచూరు వైపు ఒక ఊళ్లో ఇచ్చారు. అక్కడా సైట్ పెట్టె ఉంది. ఆ ఉపగ్రహం ఒకే బొమ్మతో పాటు రెండు ధ్వనులు మోసుకొచ్చేది. సాయంత్రాల్లో మనకు తెలుగు వినబడే బొమ్మకే అక్కడ కన్నడం వినబడేది. ఆమె పండుగకు వచ్చినప్పుడు, పురుగుమందు గురించి చెప్పిన ఫలానా చొక్కా ఆయన కన్నడం ఎంత చక్కగా మాట్లాడతాడో అంది. అదేమిటి, ఆయన తెలుగాయన కదా అని మా ఇంటి పక్కవాళ్లు. ఇద్దరూ కళ్లారా చూశారు. ఇద్దరూ ప్రమాణం చేసి చెప్పగలరు. పెదవులు చెప్పేదొకటి, మాట చెప్పేదొకటి. ఇందులో మోసం లేదు, రెండు రాష్ట్రాలకు ఖర్చు కలిసొచ్చే ఏర్పాటు, మంచి ఏర్పాటే. అయితే చూశాను, విన్నాను అని మనం అనుకునేది ఎక్కడో ఎవరో కూర్చి పంపిన పొత్తు అని దానికంటే తేటగా చెప్పే ఉదాహరణ నాకు ఈనాటికీ దొరకలేదు.

ఆ రోజుల్లో టీవీ గురించి సభ పెడితే చాలు, ప్రతి ఉపన్యాసకుడూ సంజయుణ్ణి తెచ్చేవాడు. దివ్యదృష్టి అంటే ఇదేనండీ, మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారండీ అని. చప్పట్లు కూడా పడేవి. (మా హెడ్మాస్టరు మాత్రం ఆ పేరు గొంతు తగ్గించి పలికేవాడు. ఆ ఏడాది సంజయుడంటే జనానికి వేరే సంజయుడు, ఇందిరాగాంధీ కొడుకు, గుర్తొచ్చేవాడు మరి.) భారతం సరిగా చదివితే ఈ పోలిక పొగడ్త కాదు, హెచ్చరిక. వ్యాసుడు చూపు ఇస్తానన్నది మొదట ధృతరాష్ట్రుడికే. నా వాళ్లు చావడం నేను చూడలేను, వింటాను చాలు అని ఆయన వద్దన్నాడు. అప్పుడు సంజయుడికి ఇచ్చాడు. పైగా జనం అనుకున్నట్టు సంజయుడు రాజు పక్కన కూర్చుని నిమిష నిమిషమూ చెప్పలేదు. భీష్మపర్వంలో ఆయన యుద్ధభూమి నుంచి పరుగున వచ్చి మొట్టమొదట చెప్పిన వార్త, భీష్ముడు పడ్డాడని. అప్పటికి పది రోజుల యుద్ధం అయిపోయింది. గీత, మొదటి రోజు శంఖనాదాలు అన్నీ ఆ తరువాత వెనక్కు తిరిగి చెప్పినవే. అంటే ఆ గుడ్డిరాజుకు అందింది కూడా ప్రత్యక్షం కాదు, ఆలస్యంగా వచ్చిన శబ్దం.

అయినా ఆ మాటను ఎందుకు నమ్ముతాం? దూరం చూడగలిగాడని కాదు. యుద్ధానికి ముందూ తరువాతా కూడా, తప్పు నీదే అని రాజు ముఖం మీద చెప్పాడు కాబట్టి. రాజు జీతం తిన్నవాడే, రాజు మనిషే, అయినా కౌరవులు ఓడిన సంగతి ఓడినట్టే చెప్పాడు. రణరంగంలో సాత్యకికి పట్టుబడి, కత్తి మెడ మీదికి వచ్చాక వ్యాసుడు అడ్డుపడితే బతికాడు. ఆ మనిషికి దివ్యదృష్టి లేకపోయినా ఆప్తుడే. ఆ గుణం తీసేసి చూపు మాత్రమే ఇచ్చి ఉంటే, భారతం కౌరవుల విజయగాథగా మనకు చేరి ఉండేదేమో.

ఇక ఎమర్జెన్సీ మాట. అది తప్పించి ఆ ఏడాది టీవీ గురించి ఎవరు రాసినా నేను చదవను. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది, అయిదు వారాలకు మా పెట్టె వెలిగింది. ఒకదాని కోసం ఒకటి పెట్టింది కాదు, ఒప్పందం ఆరేళ్ల కిందటిది. యశ్‌పాల్ వంటి శాస్త్రజ్ఞులు నిజాయితీగా పల్లెల కోసమే పనిచేశారు. కానీ ప్రసారాలను ప్రారంభించింది ఇందిరాగాంధీ. వార్తలు ఆకాశవాణి సొంతం, ఆకాశవాణి ప్రభుత్వ సొంతం, పత్రికల మీద సెన్సారు. సాయంత్రం ఇరవై సూత్రాల కార్యక్రమం గురించి వినేవాళ్లం. జైళ్లు నిండుతున్న సంగతి వినేవాళ్లం కాదు.

సాంఖ్యకారికలో ఈశ్వరకృష్ణుడు ఒక వస్తువు ఉండి కూడా మనకు కనబడకపోవడానికి ఎనిమిది కారణాలు చెబుతాడు. మరీ దూరం కావడం మొదటిది. మరీ దగ్గర కావడం రెండోది. కంటికాటుక కంటికి కనబడదు. ఇంద్రియం చెడిపోవడం, మనసు నిలవకపోవడం, వస్తువు అతిసూక్ష్మం కావడం, నడుమ గోడ అడ్డం రావడం, పెద్ద వెలుగు ముందు చిన్న వెలుగు మాసిపోవడం, తనలాంటి వాటిలో కలిసిపోవడం. ఉపగ్రహం కొట్టేసింది ఈ ఎనిమిదిలో ఒక్కదాన్ని. దూరాన్ని. ఢిల్లీ మా బడి గోడకు వచ్చింది. అదే సమయంలో గోడ అడ్డం రావడమూ, పెద్ద వెలుగు ముందు చిన్న వెలుగు మాసిపోవడమూ రెట్టింపయ్యాయి. పగటిపూట చుక్కలు లేక కాదు కదా కనబడనిది. తెర వెలిగినంతసేపూ ఊరి చీకట్లోకి చూసే కళ్లు లేకుండా పోయాయి.

1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. ఆదిలాబాద్ జిల్లా రైతుబిడ్డలు. వాళ్ల దారి మీద ఎవరికి ఏ అభిప్రాయమున్నా, వాళ్ల ప్రాణాలు కాపాడమని దేశంలో పెద్దలు ఎందరో అడిగారు. ఆ ఉరి మా తెలుగు నేల మీద, మా హైదరాబాద్‌లోనే జరిగింది. అహ్మదాబాద్ నుంచి ఆఫ్రికా ఆకాశం మీదుగా మా బడికి రాగలిగిన పెట్టెలో ఆ సంగతి వచ్చినట్టు నాకు గుర్తులేదు. నాకు చెప్పింది ఆత్మకూరు సంతకు పోయివచ్చిన తోటి మాస్టారు, బడి వెనక చింతచెట్టు కింద, అటూ ఇటూ చూసుకుంటూ. ఆయన చూడలేదు. ఆయనకు చెప్పినవాడూ చూసి ఉండడు. పరంపరగా వచ్చిన ఉత్త మాట. నేను మాత్రం వెంటనే నమ్మాను. కెమెరా ఉన్న వార్తను అనుమానించి, కెమెరా లేని మాటను నమ్మడం అహేతుకం అనేవాళ్లుంటారు. వాళ్లకు నా సమాధానం: ఆ మాట చెప్పడం వల్ల ఆ మాస్టారుకు వచ్చే లాభమేమీ లేదు, నష్టం మాత్రం బోలెడు ఉండింది.

పెట్టెను మొత్తంగా తోసిపుచ్చితే అదీ అబద్ధమే. ఆ ఏడాది వేలాది మంది ఉపాధ్యాయులకు ఉపగ్రహం ద్వారా విజ్ఞాన బోధనలో శిక్షణ ఇచ్చారు. నేను పిల్లలకు నిప్పు లేకుండా, ఖర్చు లేకుండా చేసి చూపిన ప్రయోగాలు కొన్ని అక్కడ నేర్చినవే. బాలింతల ఆరోగ్యం గురించి వచ్చినప్పుడు ఆడవాళ్లు వెనక వరుస వదిలి ముందుకు జరిగేవారు. వ్యవసాయం సంగతి చిత్రంగా ఉండేది. నీళ్లు పారే పొలాల్లో వరికి ఎరువు వేసే పద్ధతి చూపిస్తే, జొన్న చేలు తప్ప ఎరగని మావాళ్లు కాసేపు చూసి, మర్యాద కోసం ఇంకాసేపు కూర్చుని, తరువాత బీడీలు ముట్టించుకుని బయటికి పోయేవారు. విత్తనశుద్ధి గురించి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరు ముగ్గురు ఒక మూల మడిలో చేసి చూశారు. మొలక బాగా వచ్చింది. ఆ తరువాత ఆ చెప్పిన ఆయన తెర మీదికి వస్తే ఊరు నిశ్శబ్దమయ్యేది. ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఆప్తుడయ్యాడు.

ఇక్కడే మన దర్శనాల్లో ఒక పాత తగాదా ఉంది. మీమాంసకులు జ్ఞానం తనంతట తానే ప్రమాణమంటారు: కలిగిన జ్ఞానాన్ని నమ్ము, తప్పని తేలితే అప్పుడు వదులు. నైయాయికులు, అంటే మా నాయన వంటి తార్కికులు, ఒప్పుకోరు. జ్ఞానం కలగడం వేరు, అది సరైనదని తేలడం వేరు. దాన్ని పట్టుకుని పనికి దిగితే ఫలితం రావాలి, అప్పుడే ముద్ర. నీళ్లున్నాయనుకుని పోయినవాడికి దాహం తీరాలి. మా ఊరి రైతులు ఏ శాస్త్రమూ చదవకుండానే నైయాయికులు. టీవీ నడిపేవాళ్లు మాత్రం, నాటివాళ్లూ నేటివాళ్లూ, జనమంతా మీమాంసకులు కావాలని కోరుకుంటారు. చూసింది చూసినట్టు నమ్మండి, తప్పని ఎవరైనా నిరూపిస్తే అప్పుడు చూద్దాం అని. తప్పని నిరూపించే నోరు కూడా వాళ్ల దగ్గరే ఉన్నప్పుడు ఆ వాదం ఎంత సుఖంగా ఉంటుందో చెప్పక్కర్లేదు. మీమాంసకుల మీద నాకు కోపం లేదు. వాళ్లు ఆ మాట అన్నది కర్త లేని వేదం కోసం. కర్త ఉన్న బొమ్మకు దాన్ని అంటగట్టడం అన్యాయం. విత్తనం మాటను మడిలో పరీక్షించవచ్చు. ఢిల్లీ మాటను మా ఊళ్లో ఏ మడిలో పరీక్షించాలి? అక్కడ చెప్పేవాడి గుణం తప్ప వేరే ఆధారం లేదు. ఈ ప్రశ్నలో నాది నైయాయికుల పక్షం, ఇన్నేళ్లయినా మారలేదు.

1976 జులై 31తో గడువు తీరింది. ఉపగ్రహం పడమటికి జరిగిపోయింది. మా ఊరి గొడుగు కొన్నాళ్లు ఖాళీ ఆకాశం వైపు చూస్తూ ఉండి, తరువాత తీగవల ఊడి ఎవరి కోళ్లకో పనికొచ్చింది. సౌప్తికపర్వంలో, దుర్యోధనుడు చనిపోగానే వ్యాసుడిచ్చిన చూపు తన నుంచి పోయిందని సంజయుడు చెబుతాడు. నాయన ఆ ఘట్టం గుర్తు చేసి, "చూపు పోయినంక సంజయుని మాటకు విలువ తగ్గిందా? తగ్గలే" అన్నాడు.

టీవీ చూసినవాళ్లంతా దాని చేతికి చిక్కిపోతారని నమ్మే మేధావులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల కోసం ఒక చిన్న లెక్క ఇచ్చి ఆపుతాను. అదే ఉపగ్రహం, అవే ఢిల్లీ వార్తలు, ఏడాది పాటు ఆరు రాష్ట్రాల పల్లెలకు. 1977 మార్చి ఎన్నికల్లో కాంగ్రెస్‌కు బీహార్‌లో 54 లోక్‌సభ స్థానాల్లో ఒక్కటీ రాలేదు. మధ్యప్రదేశ్‌లో 40కి ఒకటి, రాజస్థాన్‌లో 25కి ఒకటి, ఒడిశాలో 21కి నాలుగు. కర్ణాటకలో 28కి 26. మన ఆంధ్రప్రదేశ్‌లో 42కి 41. సైట్ పల్లెలు ఆ రాష్ట్రాల్లో పిడికెడే, ఫలితాన్ని అవి తేల్చాయని ఎవరూ అనరు. కానీ తెర చెప్పిందే వేదమైతే, ఒకే మాట విన్న ఊళ్లు ఇంత వేరువేరు లోకాల్లో ఉండవు. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగిన వాకిళ్ల ముందు ఏ బొమ్మా నిలవలేదు. ఇక్కడ ఆ దెబ్బ అంత తగల్లేదు, ఇందిరమ్మ మాట మీద గురి పోలేదు. మన రాష్ట్రంలో కాంగ్రెస్ చేజారిన ఆ ఒక్క స్థానం నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని ప్రారంభించింది ఆయనే.